అలంతర తరావీ

మూడో రాత్రికే హాఫిజ్ సాబుకు కామెర్లు పట్టుకున్నయి.
కల్వకుర్తి నుంచి ఆయన తమ్ముడొచ్చి
బండి మీద ఎక్కించుకపోయిండు.
ముప్పై పారాలు ఆ బండి మీద్నే వోయినయి.

మిగిలింది మేం పదకొండు మందిమి,
ఒర్రుడు ఆపని ఒక ఫ్యాను.

"నువ్వే నిలవడు" అన్నడు లాలప్ప పెద్దయ్య.
నేనా?
చేతులకు వార్నిషు వాసన పోనోన్ని,
కాలిపోయిన బోరు మోటర్లకు రాగి తీగ చుట్టెటోన్ని.
నాకొచ్చిన సూరాలు పది.
అవి గూడ మా జేజి దూది ఏకుకుంట నేర్పినయి,
సగం అక్షరాలకు దూది అంటుకోనే ఉంటది.

"ఆ పదే సాలు.
అలంతర నుంచి అందుకో.
పది ఒడిసినంక మల్ల మొదటికి రా.
ఇరవై రకాతులు నిండుతయి.
మా అబ్బల కాలంల ఈ ఊరికి
హాఫిజ్ ఎన్నడొచ్చిండని?"

ముందట నిలవడ్డ.
ఎనక పది మంది ఊపిరి మెడకు తగులుతుంది.

అలంతర.
ఏనుగులొచ్చినయి, పిట్టలు రాళ్లేసినయి.
జేజి చెప్పంగ వింటే
అవి దిండి కట్ట మీదికెల్లే నడిచొచ్చేటివి.

లిఈలాఫి.
చలికాలం ఒక పయనం, ఎండకాలం ఒక పయనం.
మౌలాలి ముక్కు ఎగబీల్చిండు.
పద్దెనిమిదేండ్లు బొంబాయిల మట్టి మోసినోడు,
అర్థం తెలుసో తెల్వదో,
ఆ సూరా కాడ వానికి ఎప్పుడూ జలుబే.

మూడోది, అరఐతల్లజీ.
కాలువ నీళ్ల తీరు సాగింది సగం దాక.
చివరి మాట కాడ
నాలిక బండకు తగిలిన గడ్డపార.
ఫ్యాను తిరుగుతుంది.
ఎవరో దగ్గిండ్రు.
ఎనక వరుసల నుంచి దస్తగిరి మనుమడు,
ఇంకా పాల పండ్లు ఊడుతున్న పోరడు, అందిచ్చిండు:
"వ యమ్‌నఊనల్ మాఊన్."

జేజి దాన్ని మా మాటల్నే చెప్పేది:
"నమాజు సదివి ఏం లాభం బిడ్డా,
పక్కింటోడు చేద అడిగితే లేదనెటోనికి?"

ఆ పొద్దున్నే
జంగయ్య పైపు పానా అడగనొచ్చిండు.
మోటరు పైకి గుంజాలె, పల్లిచేను వాడువడ్తుంది,
ఒక్క పూటకియ్యి అన్నడు.
లేదన్న.
పానా నా మడమ కిందనే ఉన్నది.
పాత బాకీ నూటయాభై రూపాయలు
కడుపుల పెట్టుకోని,
రోజా నోటితోనే లేదన్న.

కౌసర్, కాఫిరూన్, నస్ర్...
వేళ్ల మీద లెక్క తప్పకుంట చదివిన.
ఒక్క చుట్టు తప్పితే మోటరు కాలుతదని
ఎరుకైనోన్ని.
నాలుగు రకాతులకోసారి కూసున్నప్పుడు
మౌలాలి కుండల నీళ్లు ముంచి ఇచ్చిండు.
గొంతు దిగలే.

పదమూడో రకాతు.
మల్ల అదే వచ్చింది.
ఈసారి నాలిక ఆగలే.
నేనే ఆగిన.

ముప్పై పారాలు గుండెల ఉన్నోనికి
ఈ మాట నెలకొక్క రాత్రి ఎదురొస్తది,
అదీ ఖతం నాడు,
మిఠాయి పంచే తొందరల.
నాది పది గడపల ఊరు.
ఎటు తిరిగినా
ఆ ఇంటి ముందటికెల్లే పోవాలె,
రాత్రికి రెండు మార్లు.

వితర్ అయినంక ఇంటికి వోలే.
దుకాణం తాళం తీసి,
టోపీ నెత్తి మీద ఉండంగనే
పానా భుజానేసుకోని చేన్ల దిక్కు నడిచిన.

జంగయ్య బోరు కాడ్నే ఉన్నడు.
వాళ్లామె బ్యాటరీ లైటు పట్టుకున్నది.
గొడ్డలి కామకు తాడు సుట్టి
పైపును తిప్పవట్టె, అది తిరగకవాయె.
అరచేతులు తోలు లేసినయి.

పానా దిక్కు చూసిండు.
నా మొకం దిక్కు చూడలే.
"దొరికిందా?" అన్నడు.

"ఆ, దొరికింది" అన్న.

సహరీ సైరను దాక ఇద్దరం గుంజినం.
ఆరు పైపులొచ్చినయి, ఏడోదాని కాడ మోటరు.
నేనే చుట్టిన తీగ, పోయినేడు.
నల్లగ మాడిపోయి ఉన్నది.

"దొరికింది" అన్న మాట
ఇంకా నోట్లెనే ఉన్నది.
రేపు ఇషా అయినంక
ఆ సూరా మల్ల రెండు మార్లొస్తది.